పాత డైనింగ్ టేబుల్‌కు ఇంట్లోనే కొత్త పాలిష్

పాత టేబుల్ ఇంటికి రాగానే ఎమరీ కాగితం పట్టుకుని రుద్దడం మొదలుపెడతారు చాలామంది. చాలా టేబుళ్లు అక్కడే పాడవుతాయి. ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: పైపలక దేనితో చేసింది, దాని మీద ఇప్పుడున్న పూత ఏమిటి.

పలక సంగతి తేలాలంటే టేబుల్‌ను తలకిందులు చేసి చూడండి. అసలు చెక్కే అయితే పైన కనిపించే చారలు పలక చివరిదాకా వచ్చి అంచు మీదుగా కిందికి దిగుతాయి. పైన అతికిన పలకలే కింద కూడా అదే వెడల్పులో కనిపిస్తాయి. పైన ఒక రకం చారలు, కింద ఇంకో రకం ఉన్నా, అంచుకు సన్నటి పట్టీ అతికించి ఉన్నా అది వినీర్, అంటే వేరే పలక మీద అతికించిన సన్నటి చెక్క పొర. ఇప్పటి వినీర్ పొర చాలావాటిలో అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. చారల డిజైన్ అచ్చు గుద్దినట్టు మళ్లీ మళ్లీ వస్తోందంటే అది సన్‌మైకా. దాన్ని రుద్దితే కింద చెక్క రాదు, ఇక్కడ చెప్పే పద్ధతి దానికి పనికిరాదు.

పూతను కనిపెట్టడానికి కాలి లోపలి వైపున, ఎవరికీ కనపడని చోట, డీనేచర్డ్ స్పిరిట్‌లో ముంచిన దూదిని ఒక నిమిషం అద్ది ఉంచండి. పూత జిగటగా మారి దూదికి అంటుకుంటే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు కదలకుండా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కు కరిగితే ఎన్‌సీ లాకర్. రెండింటికీ కరగకపోతే, లేదా థిన్నర్‌కు ముడతలు మాత్రమే పడితే, నూనె వార్నిష్, పీయూ (పాలీయురెథేన్), మెలమైన్‌లలో ఒకటి అనుకోవచ్చు. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు పట్టదు కానీ రోజుల పని తగ్గిస్తుంది. ఎందుకంటే లక్క పాలిష్‌ను స్పిరిట్‌తో, లాకర్‌ను థిన్నర్‌తో తడిపిన గుడ్డతోనే తుడిచి తీసేయవచ్చు, చెక్కను అరగదీయాల్సిన అవసరమే ఉండదు. బాగా పాతకాలపు రంగు వేసిన టేబుల్ అయితే మాత్రం ఆగండి. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది. పరీక్ష కిట్‌తో చూసుకోకుండా పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లలకు ప్రమాదం.

తర్వాత శుభ్రం చేయడం. గోరువెచ్చని నీళ్లలో కొన్ని చుక్కల పాత్రల సబ్బు వేసి, బాగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. ఆ తర్వాత మినరల్ టర్పెంటైన్‌తో ఇంకోసారి తుడవండి. ఏళ్ల తరబడి పట్టిన జిడ్డును, మైనాన్ని ఇది తీస్తుంది. ఇది మానేసి నేరుగా రుద్దితే జిడ్డు చెక్క రంధ్రాల్లోకి దిగి తర్వాత పూతను పట్టనివ్వదు.

కాళ్లు ఊగుతుంటే పాలిష్‌కు ముందే సరిచేయాలి. అతుకు విప్పి పాత జిగురును గీకి చెక్క కనిపించేలా చేయండి. ఎండిన జిగురు మీద కొత్త జిగురు నిలవదు. తెల్ల జిగురు రాసి క్లాంప్ బిగించి ఒక రోజు కదపకండి. పైపలకను కింది చట్రానికి జిగురుతో మాత్రం అతికించొద్దు. గాలిలో తేమ పెరిగినప్పుడు, తగ్గినప్పుడు చెక్క చారలకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. కదిలే వీలు లేకపోతే పలక చీలుతుంది. సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పురుగు ఇంకా బతికే ఉండవచ్చు. ముందు దానికి మందు వేయండి.

వార్నిష్, పీయూ పూతలకు పెయింట్ రిమూవర్ వాడాలి. మెథిలీన్ క్లోరైడ్ ఉన్నది ఇంట్లో వద్దు. మూసిన గదిలో దాని ఆవిరి ప్రాణాలకే ముప్పు. బెంజైల్ ఆల్కహాల్ రకం నెమ్మదిగా పనిచేసినా మేలు. మందంగా పూసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ షీట్ కప్పి, డబ్బా మీద రాసినంత సేపు వదిలేయండి. మూలలు గుండ్రంగా అరగదీసిన పుట్టీ కత్తితో చార వెంబడి లాగితే పొర ముద్దలా లేచి వస్తుంది. గట్టిగా గీకాల్సి వస్తోందంటే ఇంకా నానలేదని అర్థం.

నొక్కు పడిన గుంటలకు పుట్టీ అక్కర్లేదు. తడి గుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టెను కొన్ని క్షణాలు ఆనిస్తే ఆవిరికి నొక్కుకుపోయిన పోగులు మళ్లీ లేస్తాయి. తెగిన గీతలు మాత్రం ఇలా పోవు, వినీర్ మీదైతే జిగురు వదిలేస్తుంది కాబట్టి ఈ పని చేయకండి. నల్లటి మరకలు సాధారణంగా ఇనుముకూ చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థానికీ పుట్టినవి. అవి ఎంత రుద్దినా లోపల్నుంచి వస్తూనే ఉంటాయి. లీటరు వేడినీళ్లలో దాదాపు 100 గ్రాముల ఆక్జాలిక్ ఆమ్లం కలిపి, మరక మీదే కాకుండా పలక అంతా పూయండి. లేకపోతే ఆ ఒక్కచోటే తెల్లబడుతుంది. ఆరాక నీళ్లతో రెండు మూడుసార్లు బాగా కడిగి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడవండి. ఇది విషం. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. కడగకుండా మిగిలిన స్ఫటికాల మీద ఎమరీ కాగితం పెడితే ఆ పొడి ముక్కులోకి పోతుంది.

ఇప్పుడు రుద్దడం. టేబుల్ అందం నిలిచేది ఇక్కడే, కాబట్టి ఒక పూట ఎక్కువ పట్టినా ఫర్వాలేదు. ఎమరీ కాగితం నంబరు పెరిగేకొద్దీ అది నునుపు. అసలు చెక్కకు 80తో మొదలుపెట్టి 120, 180 నంబర్లకు వెళ్లండి. పూత పూర్తిగా పోయి ఉంటే 120తో మొదలుపెట్టినా చాలు. మధ్యలో నంబరు దాటేస్తే ముందు కాగితం గీతలు అలాగే ఉండిపోతాయి. అప్పుడు కనపడవు, రంగు పట్టించగానే నల్లటి గీతలై తేలతాయి. ప్రతి నంబరుకు ముందు పలక మీద పెన్సిల్‌తో లైట్‌గా గజిబిజి గీతలు గీయండి. అవన్నీ చెరిగిపోయాకే తర్వాతి కాగితానికి మారాలి. రుద్దే మిషన్ వాడితే నొక్కకండి, దాని బరువే చాలు. నొక్కితే పందితోక లాంటి చిన్న చుట్లు పడతాయి. ప్రతి దశ చివర చేత్తో చార వెంబడి నాలుగు వరసలు రుద్ది, టార్చిలైటును పలకకు సమాంతరంగా పెట్టి చూడండి. ఆ ఏటవాలు వెలుతురులో ప్రతి గీతా నీడ వేస్తుంది.

వినీర్ అయితే మిషన్ ముట్టుకోకండి. 180తో చేత్తోనే, అంచుల దగ్గర మరింత తేలికగా రుద్దాలి. చారలు ఒకచోట హఠాత్తుగా మాయమై వేరే రంగు మచ్చ కనిపించిందంటే పొర తెగిపోయినట్టే, దాన్ని వెనక్కి తేలేం. అసలు చెక్కలో పలక చివర అడ్డకోత భాగాన్ని మాత్రం ఒక నంబరు ఎక్కువ నునుపుగా, 220 దాకా రుద్దండి. అక్కడ రంధ్రాలు తెరుచుకుని ఉండటంతో రంగు ఎక్కువ తాగి నల్లబడుతుంది.

రంగు స్టెయిన్ వేయాలంటే ముందు కింది వైపు పరీక్షించండి. గుడ్డతో పూసి, ఐదారు నిమిషాల్లో మిగిలింది తుడిచేయాలి. మిగిల్చితే అది ఎండక, పై పూతను పట్టనివ్వదు. టేకు, రోజ్‌వుడ్‌లకు సహజంగా నూనె ఉంటుంది కాబట్టి పూతకు కాస్త ముందు థిన్నర్ గుడ్డతో తుడవడం మంచిది.

భోజనాల బల్లకు లక్క పాలిష్ వద్దనే మా సలహా. వేడి గిన్నె పెడితే తెల్ల మచ్చ పడుతుంది. పీయూ మేలు. నూనె రకం కొంచెం పసుపు ఛాయ ఇస్తుంది, పొరకూ పొరకూ మధ్య ఒక రోజు కావాలి. నీటి రకం చెక్క రంగును అలాగే ఉంచుతుంది, రెండు నుంచి నాలుగు గంటల్లో తర్వాతి పొర వేయవచ్చు. కానీ మొదటి పొరకు పోగులు లేచి గరుకవుతుంది, కంగారు పడక 320తో తేలికగా రుద్దండి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పలకకు పైన నాలుగు, కింద రెండు పొరలకు ఒక లీటరు సరిపోతుంది. కింది వైపు వదిలేయకండి. పైకీ కిందికీ తేమ వేరువేరుగా చేరితే పలక వంగుతుంది.

డబ్బాను ఊపకండి, నెమ్మదిగా కలపండి. ఊపితే బుడగలు పొరలో చిక్కుకుని చుక్కలుగా మిగులుతాయి. మొదటి పొరకు పదో వంతు తగిన థిన్నర్ కలిపి పలచగా, చార వెంబడి ఒకే దిక్కులో లాగి వదిలేయండి. సగం ఆరిన చోటికి బ్రష్‌తో మళ్లీ వెళ్తే గీతలు పడతాయి. పొర మధ్యలో చేపకళ్లలా గుండ్రటి గుంటలు తేలితే, ఒకప్పుడు రాసిన సిలికాన్ పాలిష్ మిగిలి ఉందని అర్థం. ఆరనిచ్చి, రుద్ది, మైనం తీసిన లక్కను ఒక పొర అడ్డుగా వేసి, ఆపైన పీయూ వేయండి.

నూనె వార్నిష్, నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో ముంచండి.

చివరి పొర తర్వాత మూడు రోజులకు తేలికపాటి వాడకం ఫర్వాలేదు. లోపలిదాకా గట్టిపడటానికి నీటి రకానికి రెండు మూడు వారాలు, నూనె రకానికి దాదాపు నెల పడుతుంది. అంతవరకు టేబుల్ గుడ్డ, ప్లాస్టిక్ షీట్ పరచకండి. వేడి గిన్నెల కింద మ్యాట్ తప్పకుండా పెట్టండి.