మోచేతి నొప్పి, 3వ పాఠం: జాబ్ పంచ్‌లో చివరి రెండంగుళాలు

పోయిన పాఠంలో మోచేతి చుట్టూ నొక్కి చూసి, నొప్పి ఏ వైపుందో రాసిపెట్టుకోమన్నాను. వెనకవైపు, మోచేతి కొన దగ్గర అని రాసుకున్న బాక్సర్లకే ఈ పాఠం.

ఈ నొప్పిలో ఒక విచిత్రం ఉంది. బ్యాగ్ మీద గుద్దితే అంతగా తెలియదు. షాడో చేసేటప్పుడు (ఎదురుగా ఎవరూ లేకుండా గాలిలో గుద్దేటప్పుడు), స్పారింగ్‌లో, అంటే జోడీతో సాధన చేసేటప్పుడు, పంచ్ గాలిలోకి పోయినప్పుడు చురుక్కుమంటుంది. బ్యాగ్ అయితే పిడికిలిని అదే ఆపుతుంది. గాలిలో చెయ్యే ఆపుకోవాలి. ఆపుకోలేకపోతే మోచెయ్యి మడతబందులా చివరిదాకా తెరుచుకుని, వెనకున్న ఎముక కొన పై ఎముక గుంటలో టక్కున కొట్టుకుంటుంది. రోజూ వందల జాబ్‌లు, అంటే ముందున్న చేత్తో తిన్నగా విసిరే గుద్దులు, వేస్తుంటే వాయక ఏం చేస్తుంది?

చాలామంది ఐస్ పెట్టి, పట్టీ కట్టి వదిలేస్తారు. నేనైతే ముందు చొక్కా విప్పి వీపు చూపించమంటాను. పిడికిలి చివర్లో ఇంకో ఒకటి రెండు అంగుళాలు ముందుకు పోవాలంటే ఆ పని మోచేతిది కాదు, భుజం వెనకున్న రెక్క ఎముకది. అది పక్కటెముకల మీదుగా ముందుకు జారాలి. బిగుసుకుపోయినా, దాన్ని లాగే చంక కింది కండరం నీరసించినా, ఆ కాస్త దూరాన్నీ మోచేతి నుంచే లాక్కుంటాం.

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో దాదాపు ఏడాది రింగ్‌కు దూరమైంది. అలా అరిచి చెప్పే భుజాన్ని ఎవరైనా పట్టించుకుంటారు. నొప్పి లేకుండా పని ఎగ్గొట్టే భుజంతోనే చిక్కు.

పరీక్ష ఇదీ. గోడకు ఎదురుగా నిలబడి, పిడికిలిని భుజం ఎత్తులో ఆనించండి. మోచెయ్యి దాదాపు తిన్నగా ఉండాలి, లాక్ కాకూడదు. మోచెయ్యి కదపకుండా, నడుము తిప్పకుండా గోడను నెట్టండి. ఒళ్లు రెండు వేళ్ల మందం వెనక్కి జరిగితే రెక్క కదిలినట్టే. భుజం చెవి వైపు లేచినా, మోచెయ్యి బిగిసినా లెక్కలోకి రాదు. రెండో చేత్తోనూ చేసి పోల్చండి. వెనకనుంచి ఎవరిచేతైనా ఫోన్లో వీడియో తీయించుకోండి, మన వీపు మనకు కనపడదు కదా.

తేడా కనిపిస్తే ఈ పరీక్షే మీ కసరత్తు: 10 సార్లు, రోజుకు రెండు విడతలు. నెట్టడం కన్నా తిరిగి మొదటి చోటికి రావడం నెమ్మదిగా ఉండాలి. ఈ వారం షాడోలో జాబ్ సగం వేగంతోనే వేయండి, మోచేతిలో కొద్దిగా మడత ఉంచి.

మోచెయ్యి ఇరుక్కుపోతున్నా, పూర్తిగా చాపలేకపోయినా, చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతున్నా ఇవేవీ చేయకుండా ఎముకల డాక్టర్‌కు చూపించండి.

వచ్చే పాఠం లోపలివైపు నొప్పి గురించి, జూడో కోటు పట్టుతో మొదలుపెడదాం. ఆ వీడియో మాత్రం చెరిపేయకండి, దానితో మళ్లీ పనుంది.