గోదారి పెరుగుతుంటే ముందు బిళ్లలు లెక్కపెట్టుకోండి

హెచ్‌ఐవీకి మందు వాడుతున్న లంక ఊళ్ల వాళ్ల కోసం రాస్తున్నాను. పదకొండేళ్లుగా నేనూ వాడుతున్నాను. 2022 జులైలో గోదారి మా వీధిలోకొచ్చినప్పుడు బియ్యం, పిల్లల పుస్తకాలు, ఆఖరికి మేకపిల్లని కూడా పడవెక్కించి, బిళ్లల డబ్బా గూట్లోనే వదిలేశాను. ఆరు రోజులు బిళ్ల పడలేదు. ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదు.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ మాట చెవిన పడగానే డబ్బా మూత తీసి చూడండి. పదిహేను రోజులకి చాలవనిపిస్తే కాజ్‌వే మునిగేలోపే హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లి తెచ్చుకోండి. బిళ్లల్ని కాగితంలో పొట్లం కట్టకండి, చెమ్మెక్కుతాయి. డబ్బాతోనే, లోపలి తేమ పీల్చే చిన్న పొట్లం తియ్యకుండా, మూత బిగించి రెండు కవర్లలో ముడెయ్యండి. ఏఆర్‌టీ పుస్తకం కూడా అందులోనే ఉండాలి. చుట్టాల ఊళ్లో చిక్కుకుపోతే అక్కడి సెంటర్లో ఆ పుస్తకం చూపించి అడగొచ్చు. దారి తోచకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ఇప్పుడు చాలామందికిచ్చేది రోజుకొక్క బిళ్లే. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే ఉంటాయి. ఒకపూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, మర్నాడు రెండూ కలిపి మింగకండి. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. టెనోఫోవిర్ దాన్నీ అణచి ఉంచుతుంది, ఆపేస్తే లివర్ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. క్యాంపులో ఐరన్, కాల్షియం బిళ్లలిస్తే పరగడుపున దీంతో కలపొద్దు. అన్నంతోపాటైతే ఫర్వాలేదు.

నాలాగా రోజులు తప్పితే దాచకండి. సెంటర్లో చెప్పండి, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూస్తారు. అది కనిపించనంత తక్కువగా నిలిచి ఉంటే కలయిక వల్ల భర్తకో భార్యకో సోకదు. మందు మానేస్తే ఆ భరోసా ఉండదు. ఇంట్లో ఇంకా టెస్టు చేయించుకోనివాళ్లుంటే హెచ్‌ఐవీ టెస్టు చేసే ఐసీటీసీ కేంద్రానికి తీసుకెళ్లండి, ఉచితమే.

క్యాంపులో "ఏం బిళ్లమ్మా అది?" అని అడుగుతారు. చెప్పాలని ఎవరూ బలవంతం చేయకూడదు, 2017 హెచ్‌ఐవీ చట్టం మన పక్షానే ఉంది. నేనైతే రాత్రి భోజనాలయ్యాక, అందరూ నీళ్ల ప్యాకెట్లు చింపుకునే వేళకి వేసేసుకుంటాను.