క్రైస్తవ రచన, 5వ పాఠం: రెండు తెలుగుల తంటా

ఈ వారం ముగింపు వాక్యాల గురించి చెప్పుకోవాలి. అది వచ్చే వారానికి వాయిదా. లూకా 15:20 (ఇల్లు విడిచిపోయిన కొడుకు తిరిగొస్తుంటే తండ్రి పరుగెత్తి ఎదురెళ్లే వచనం) మీద 150 మాటల ధ్యానం రాయమన్న అభ్యాసంలో చాలామంది ఒకేచోట బోల్తాపడ్డారు.

"తండ్రి ఆ కుమారుని ప్రేమించుచున్నాడు కాబట్టి మనం కూడా ధైర్యంగా వెళ్దాం." మొదటి సగం పాత తెలుగు బైబిల్ అనువాదపు భాష, రెండో సగం మన ఇంటి తెలుగు. చిన్నప్పటి నుంచి చదివినదీ ప్రార్థించినదీ ఆ పాత భాషలోనే కాబట్టి, భక్తి విషయం రాగానే కలం దానంతటదే అటు మళ్లుతుంది.

వచనాన్ని ఉటంకిస్తే అక్షరం మార్చకండి: "పరుగెత్తి వాని మెడమీదపడి ముద్దుపెట్టుకొనెను." కొటేషన్ గుర్తు ముగిసిన మరుక్షణం మీ భాషలోకి వచ్చేయండి. "ప్రేమించుచున్నాడు" బదులు ప్రేమిస్తున్నాడు, "మనలను" బదులు మనల్ని, "కొరకు" బదులు కోసం. "దేవుని యొక్క ప్రేమ"లో "యొక్క" కొట్టేయండి, ఏ నష్టమూ లేదు. దిద్దేటప్పుడు నేను మొదట వెతికేది "చున్నా" అన్న అక్షరాలనే. ఫోన్‌లో వెతికితే నిమిషం పని.

కృప, సిలువ, పరిశుద్ధాత్మ లాంటివి పాతబడ్డ మాటలు కావు, వాటిని కదపొద్దు.

నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది: "సమాధానం". "ప్రార్థించాక నాకు సమాధానం దొరికింది" అని రాస్తారు. సంఘంలో ఉన్నవాళ్లకు అది మనశ్శాంతి. పక్కింటాయనకు అది ప్రశ్నకు జవాబు. ఆయన ఆ వాక్యాన్ని "అడిగినదానికి దేవుడు బదులిచ్చాడు" అని చదువుకుంటాడు. అది అబద్ధం కాదు గానీ మీరు చెప్పింది అది కాదు. పాత అనువాదంలోనే రెండు మాటలూ ఉన్నాయి: ఫిలిప్పీ 4:7లో "దేవుని సమాధానము", యోహాను 14:27లో "శాంతి మీ కనుగ్రహించి వెళ్లుచున్నాను". రెండు చోట్లా గ్రీకు మాట ఒక్కటే, ఐరేనే. కాబట్టి మీ వాక్యంలో "శాంతి" అని రాస్తే వాక్యవిరుద్ధం కాదు. ఫిలిప్పీ వచనాన్నే ఉటంకిస్తుంటే, దాని వెనకే "అంటే మనసు కుదుటపడటం" అని ఒక ముక్క చేర్చండి.

"రక్షణ" అంటే మనకు పాపం నుంచి విడుదల, బయటివాళ్లకు సైన్యం. "సాక్ష్యం" అంటే మనకు దేవుడు చేసిన మేలు చెప్పడం, వాళ్లకు కోర్టు. "భారం" అంటే మనకు ఇతరుల కోసం పడే తపన, వాళ్లకు మూట. "ఆత్మల భారంతో ఉన్నాను" అన్న వాక్యం బయటివాళ్లకు దయ్యాల కథలా వినిపిస్తుంది. ఇలాంటి మాట మొదటిసారి వచ్చినప్పుడు అర్థం పక్కనే పెట్టండి, రెండోసారి అక్కర్లేదు.

అభ్యాసం: లూకా 15:11–16 వరకు (ఆ కొడుకు ఆస్తి పంచుకుని వెళ్లి, అంతా పోగొట్టుకుని, పందులు మేపుతూ వాటి పొట్టుకు ఆశపడేదాకా) 120 మాటల్లో మీ తెలుగులో చెప్పండి. ఉటంకింపులు వద్దు. పాపం, పశ్చాత్తాపం, దేవుడు అన్న మాటలు ఒక్కసారీ రాకూడదు. 16వ వచనంలోని "పొట్టు" తౌడు కాదు. గ్రీకులో కెరాటియా, అంటే క్యారబ్ చెట్టు కాయలు. గోధుమరంగులో, చింతకాయల్లా పొడుగ్గా ఉంటాయి. యూదులకు పంది అపవిత్రమని (లేవీయకాండము 11:7) విడిగా వివరించకుండా, ఆ కుర్రాడి చేతుల్ని మాత్రమే చూపించి తెలిసేలా చేయాలి. రాశాక చర్చి గడప తొక్కని ఒకరికి చదివి వినిపించి, ఎక్కడ ఆపి "అంటే?" అని అడిగారో అక్కడ గీత పెట్టండి.