చీకటి పడకముందే దూరం కొలిచి పెట్టుకోండి

మా పొలం పలమనేరు దగ్గర, కౌండిన్య అడవి అంచున ఉంది. రెండెకరాల వరి, పక్కనే తోతాపురి మామిడి, ఆ పైన వంక. వంక దాటితే అడవే. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం పొద్దుగూకే వేళ మామిడి చెట్ల అవతల ఏనుగు కనిపించింది. రెండు వందల మీటర్లు ఉంటుందిలే అనుకుని, పరిచిన పైపులు చుట్టుకుని, నింపాదిగా ఇంటికి వచ్చేశాను. తెల్లారి దాని అడుగుల దగ్గర నుంచి నేను నిలబడిన గెనిమ దాకా టేపు పట్టి కొలిస్తే 85 మీటర్లు. కంటి అంచనాను నమ్మడం ఆ రోజుతో మానేశాను.

సంగతి విన్న మా బామర్ది టెక్సాస్ నుంచి వచ్చినప్పుడు తన లేజర్ రేంజ్‌ఫైండర్ ఇచ్చి వెళ్లాడు. అక్కడ లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్లేవాళ్లు దూరం కొలవడానికి వాడే పరికరం అది, ఒక కంటికి పెట్టుకుని అద్దంలోంచి చూడాలి. 400 గజాల దూరంలో ఉన్న జింకను 30 గజాలు తప్పుగా లెక్కవేస్తే తూటా సుమారు అర అడుగు తేడాగా పడుతుందట. జింక చావదు, గాయంతో ఎటో వెళ్లిపోతుంది. అందుకే వాళ్లు దూరం కొలవకుండా ట్రిగ్గర్ ముట్టుకోరని చెప్పాడు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, ఏనుగుకైతే ఆ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉంది. కాబట్టి ఇక్కడ ఈ పరికరానికి తుపాకీతో పని లేదు. ఏనుగుకూ మనకూ మధ్య ఎంత ఎడం ఉందో తెలుసుకోవడానికే.

చేతికి రాగానే ముందు యూనిట్ చూసుకోండి. అమెరికాలో కొన్నవి గజాల్లో చూపిస్తాయి. 300 అని కనిపిస్తే మీటర్లు అనుకుంటాం, నిజానికి అది 274 మీటర్లే. అంటే ఏనుగు మనం అనుకున్నదానికన్నా దగ్గరగా ఉన్నట్టు. సెట్టింగ్‌లోకి వెళ్లి మీటర్లకు మార్చేయండి.

ఇది పనిచేసే తీరు తెలిస్తే తప్పులు సగం తగ్గుతాయి. బటన్ నొక్కగానే కంటికి కనిపించని లేజర్ వెలుగు వెళ్లి, ఎదురున్నదానికి తగిలి వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. ఆ వెలుగు సూదిమొనలా ఉండదు, దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది. మధ్యలో మామిడి రెమ్మ అడ్డొస్తే దాని దూరమే చూపిస్తుంది. నాకు మొదటి వారం ఏనుగు మీద పెడితే 40, 42 వచ్చేవి. అది ఏనుగు కాదు, ముందున్న కొమ్మ. కొన్నిటిలో అడ్డమొచ్చిన ఆకులను వదిలేసి అన్నిటికన్నా దూరంగా తగిలినదాన్ని చూపించే మోడ్ ఉంటుంది, తోటల్లో అదే పెట్టుకోవాలి. అది లేకపోతే ఏనుగు పక్కనున్న చెట్టు మొదలునో, బండనో కొలవండి. డబ్బా మీద 1000 గజాలు అని రాసి ఉంటుంది కానీ ఆ లెక్క బాగా మెరిసే వస్తువులకు. బురద పూసుకున్న ఏనుగు ఒళ్లు వెలుగును తక్కువగా తిప్పి పంపుతుంది, కాబట్టి అంత దూరం ఆశించకండి. మిట్టమధ్యాహ్నం ఎండలో అందే దూరం ఇంకా తగ్గుతుంది. చలికాలం మా పలమనేరు వైపు మంచు దట్టంగా పడితే అది మంచునే కొలుస్తుంది. ఆ పూట దాన్ని నమ్మకండి.

చెయ్యి వణికితే అంకె మారిపోతుంది. మోచేతులు మంచె కర్ర మీద ఆనించి, ఊపిరి వదిలి, అప్పుడు నొక్కండి. మూడుసార్లు కొలిచి, మూడూ ఒకటి రెండు మీటర్ల తేడాలో ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. గుట్ట మీద నుంచి కిందికి చూసేటప్పుడు కొన్ని పరికరాలు రెండు అంకెలు చూపిస్తాయి. ఒకటి నేరుగా ఉన్న దూరం, రెండోది వాలు తీసేసిన అడ్డ దూరం. 30 డిగ్రీల వాలులో నేరు దూరం 200 మీటర్లు ఉంటే అడ్డ దూరం 173. తూటా ఎంత దిగుతుందన్నది ఆ అడ్డ దూరాన్ని బట్టే ఉంటుంది కాబట్టి వేటగాళ్లకు అది కావాలి. మనం కూడా తక్కువున్న అంకెనే పట్టుకోవడం క్షేమం.

ఇక అసలు పని. రాత్రిపూట అద్దంలో ఏనుగు కనిపించదు, చాలా పరికరాల్లో నల్ల అంకెలు కూడా కనిపించవు. అందుకని పగలే మంచె మీద కూర్చుని చుట్టూ ఉన్న గుర్తులన్నీ కొలిచి రాసుకోవాలి. వేటగాళ్లు కూడా జంతువు రాకముందే ఇలా రాసి పెట్టుకుంటారని మా బామర్ది చెప్పాడు. పాత క్యాలెండర్ అట్ట వెనక నేను రాసుకున్నది ఇది: బోరు గది 45, కానుగ చెట్టు 90, వంక గట్టు 140, పెద్ద చింత 260, సోలార్ కంచె మూల 310.

ఇప్పుడు మీ గీత, అంటే ఏనుగు ఎంత దగ్గరికొస్తే మంచె దిగిపోవాలో ఆ హద్దు, ఎక్కడో తేల్చుకోండి. ఏనుగు పరుగు గంటకు 25 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే సెకనుకు ఏడు మీటర్లు. మంచె దిగి, బండి స్టార్ట్ చేసి రోడ్డెక్కడానికి నాకు 30 సెకన్లు పట్టింది, మావాడు ఫోన్‌లో టైం చూశాడు. ఆ 30 సెకన్లలో ఏనుగు 210 మీటర్లు వచ్చేస్తుంది. అందుకే నా గీత 260 మీటర్ల చింతచెట్టు. దాని దగ్గర కొమ్మలు విరిగిన చప్పుడు వినిపిస్తే చాలు, వరి పోయినా సరే నేను దిగిపోతాను. కయ్య మళ్లీ నాటుకోవచ్చు. మీకు 40 సెకన్లు పడితే మీ గీత 280 దాటాలి. వయసైన వాళ్లకు ఇంకా దూరం పెట్టండి.

ఇంకా వెలుతురు ఉండగానే ఏనుగు కనిపిస్తే పది సెకన్లకోసారి కొలవండి. 320, 321, 319 వస్తే నిలబడి మేస్తున్నట్టు. 320, 306, 291 అని తగ్గుతూ ఉంటే మన వైపే వస్తోంది, నాలుగో అంకె కోసం ఆగకండి. అంకె సరిగ్గా రాలేదని నాలుగడుగులు ముందుకు మాత్రం వేయకండి. పొద్దున, సాయంత్రం ఆ అద్దంలోంచి పొరపాటున కూడా సూర్యుణ్ణి చూడకండి, కన్ను పోతుంది.

ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేసినప్పుడు "మా పొలంలో ఏనుగు" అంటే వాళ్లకు ఏమీ తెలియదు. "మంచెకు తూర్పున పెద్ద చింత దగ్గర, 260 మీటర్లు, మూడు ఏనుగులు, ఒకటి పిల్ల, వంక వైపు కదులుతున్నాయి" అని చెప్పండి. ఏనుగుల జాడ పట్టే ట్రాకర్లు ఎటు నుంచి రావాలో అప్పుడు తేల్చుకోగలరు.

నాట్లప్పుడు ఒకసారి, కోతలకు ముందు ఒకసారి అట్ట మీది అంకెలు మళ్లీ సరిచూసుకోండి. చెట్టు కొట్టేసినా, మంచె జరిపినా పాత అంకెలు పనికిరావు. అట్ట ఒకటి మంచెకు కట్టి, ఇంకోటి ఇంట్లో ఫోన్ పెట్టే చోట అంటించండి. మీరు మంచె మీద ఉండి "కానుగ దాటింది" అంటే, ఇంట్లో వాళ్లకు అది 90 మీటర్లని తెలియాలి.