వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్ ఎక్కట్లేదా? ముందు ఈ పని చేయండి

ఛార్జింగ్ ఎక్కట్లేదని చూడగానే అందరం పిన్ను అటూ ఇటూ తిప్పుతాం, ప్లగ్గు పీకి మళ్ళీ పెడతాం, ఆ కంగారులో ఉన్న కాస్త ఛార్జ్ కూడా అయిపోతుంది. దయచేసి ఆ తప్పు చేయకండి. స్క్రీన్ మీద ఇంకా 20, 30 శాతం కనిపిస్తోందంటే మీ చేతిలో కొంచెం టైమే ఉంది. ఆలోపు ముఖ్యమైన ఫైల్స్ పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో ఎక్కించుకోండి, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి.

బ్యాకప్ గురించి అందరూ చెప్తారు, ఈ కీ గురించి చెప్పేవాళ్ళు తక్కువ. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, మనం అడక్కుండానే డిస్క్‌కి తాళం పడిపోతుంది, ఆ తాళం మదర్‌బోర్డులోని టీపీఎం అనే సెక్యూరిటీ చిప్‌తో ముడిపడి ఉంటుంది. ఛార్జింగ్ సమస్యంటే ఛార్జరో బ్యాటరీనో పోయిందనుకుంటాం గానీ, ఛార్జింగ్ సర్క్యూట్ ఉండేది మదర్‌బోర్డు మీదే, చాలా మోడళ్లలో టైప్-సి పోర్టు కూడా దానికే అతికి ఉంటుంది, అందుకని వారంటీలో బోర్డు మొత్తం మార్చేయడం మామూలే. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కి అదే జరిగింది. బోర్డు మార్చి ఇచ్చారు, ఆన్ చేస్తే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల కీ అడిగింది. ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపు కుర్రాడు తనే ఏదో మెయిల్ ఐడీ పెట్టి సెటప్ చేసిచ్చాడు, కీ ఆ మెయిల్ ఐడీ అకౌంట్‌లో ఉండిపోయింది, ఆ మెయిల్ ఏదో ఎవరికీ గుర్తులేదు. బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అందులోనే ఉంది. వాడు ఆ స్క్రీన్ ముందు నోరు మెదపకుండా కూర్చోవడం నేనింకా మర్చిపోలేదు. అందుకే ల్యాప్‌టాప్ ఆరిపోకముందే సెట్టింగ్స్‌లో ఏ అకౌంట్ ఉందో చూడండి, ఫోన్లో అదే అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లోకి వెళ్లి డివైజెస్ దగ్గర రికవరీ కీ చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇక అసలు సమస్య. ఎక్స్‌టెన్షన్ బోర్డు, యూపీఎస్ వదిలేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. 60 దగ్గరో 80 దగ్గరో ఆగిపోతోందంటే అది రిపేరు కాదు, బ్యాటరీ ఎక్కువకాలం మన్నడానికి కంపెనీ యాప్‌లో పెట్టిన పరిమితి. లెనోవోలో వాంటేజ్, ఆసుస్‌లో మైఆసుస్ యాప్ తెరిస్తే కనిపిస్తుంది. టైప్-సి అయితే పోర్టులన్నీ ఛార్జింగ్ తీసుకోవు, పక్క పోర్టు కూడా చూడండి, 65 వాట్లు అడిగే ల్యాప్‌టాప్‌కి 20 వాట్ల ఫోన్ ఛార్జర్ పెట్టి పోయిందనుకోకండి. అన్నీ పీకేసి, షట్‌డౌన్ చేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి మళ్ళీ ఛార్జర్ పెట్టి చూడండి, చాలాసార్లు దీంతోనే ఎక్కుతుంది. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టుంటే మాత్రం ఇవేవీ వద్దు, బ్యాటరీ ఉబ్బిందన్నమాట, వెంటనే ఆపేసి ఛార్జర్ తీసేయండి.

ఎంత తొందరున్నా వారంటీ ఉండగా కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకో అమీర్‌పేటకో తీసుకెళ్లి విప్పించకండి. అక్కడ మంచి పనివాళ్ళున్నారు, కాదనను, కానీ బయట విప్పినట్టు గుర్తు కనబడితే కంపెనీ వాళ్ళు వారంటీ లేదనేయొచ్చు.

కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడండి. తేదీ తక్కువ చూపిస్తే టెన్షన్ పడొద్దు, కొన్నిసార్లు ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన రోజు నుంచి లెక్కేస్తారు, జీఎస్టీ బిల్లు పంపిస్తే సరిచేస్తారు. ల్యాప్‌టాప్‌కి 3 ఏళ్ల వారంటీ ఉన్నా బ్యాటరీకి చాలా కంపెనీలు ఏడాదే ఇస్తాయి, అది ముందే చూసుకోండి. అమెరికా నుంచి అక్కో బావో తెచ్చిందైతే ఆ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి. ఆ నంబర్ కూడా కంపెనీ సైట్‌లోంచే తీసుకోండి, గూగుల్‌లో పైన కనిపించిన కస్టమర్ కేర్ నంబర్‌కి చేసి స్క్రీన్ షేర్ యాప్ వేసుకున్నారంటే డబ్బు పోతుంది. ఒకవేళ అలా పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సర్వీస్ సెంటర్‌లో "పనిచేయట్లేదు" అని ఊరుకోకండి. "ఛార్జర్ లైట్ వెలుగుతోంది, ల్యాప్‌టాప్‌లో ప్లగ్డ్ ఇన్ నాట్ ఛార్జింగ్ అని వస్తోంది, ఫలానా తేదీ నుంచి" అని చెప్పి జాబ్ షీట్‌లో (ల్యాప్‌టాప్ తీసుకున్నట్టు వాళ్ళిచ్చే కాగితంలో) అలాగే రాయించండి. ఆ మెసేజ్‌ని ముందే ఫోన్లో వీడియో తీసుకోండి. ఇచ్చేముందు కౌంటర్ మీదే నాలుగు వైపులా, పోర్టు లోపల కూడా ఫోటోలు తీయండి, ఛార్జర్ ఇస్తుంటే దాని సీరియల్ నంబర్ కూడా రాయించండి. ఎందుకంటే తర్వాత వచ్చే మాట సీఐడీ, అంటే కస్టమర్ చేసిన డ్యామేజ్ అని. నీళ్లు పడ్డాయనో పిన్ను వంగిందనో చెప్పి వేల రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెడతారు. నిజంగా నీళ్లు పడి ఉంటే ఒప్పుకోవాల్సిందే. పడకపోతే మాత్రం, విప్పినప్పుడు తీసిన ఫోటోలూ, వారంటీ ఎందుకివ్వరో కారణమూ మెయిల్‌లో పంపమని అడగండి. ఫోన్లో మాటలు నిలబడవు, ఏదైనా మెయిల్‌లోనే ఉండాలి.

"పార్ట్ రాలేదు" అని వారాలు గడిపేస్తుంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి సర్వీస్ సెంటర్ ఇచ్చిన కేసు నంబర్ చెప్పి ఫిర్యాదు రాయించండి. అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు.

తిరిగి తీసుకునేటప్పుడు "ఓటీపీ చెప్పండి సార్, కేస్ క్లోజ్ చేస్తాం" అంటారు. అప్పుడే చెప్పకండి. అక్కడే కూర్చుని ఛార్జర్ పెట్టి శాతం ఒక్కటైనా పెరిగేదాకా చూడండి, ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడుస్తోందో లేదో చూడండి. బోర్డు మార్చి ఉంటే బయోస్‌లోకి (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగ్స్ స్క్రీన్‌లోకి) వెళ్లి అక్కడున్న సీరియల్ నంబర్, అడుగున స్టిక్కర్ మీదున్నదీ ఒకటేనా అని సరిచూసుకోండి. కొత్త బోర్డులో ఆ నంబర్ ఎక్కించడం మర్చిపోతే తర్వాతి రిపేరుకి వారంటీ దగ్గర ఇబ్బంది పడతారు. ఇవన్నీ సరిపోయాకే ఓటీపీ.