కువైట్‌లోని తెలుగు మహిళల ఆన్‌లైన్ వ్యాపారాలపై పరిశోధన చేసే విధానం

రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన మహిళల్లో కొందరు ఫోన్ ద్వారా చీరలు, ఊరగాయలు, వన్ గ్రామ్ గోల్డ్ నగలు అమ్ముతున్నారు. మరికొందరు యూట్యూబ్ చానళ్లు నడుపుతున్నారు. ఈ అంశాన్ని ఎంచుకున్న పరిశోధకులు చాలావరకు వాట్సాప్ గ్రూపులు, వీడియోలు పరిశీలించడంతో పని మొదలుపెడతారు. అంతకంటే ముందు అమ్మే మహిళ ఏ వీసా మీద ఉందో తెలుసుకోవాలన్నది నా అభిప్రాయం.

ఇంటిపనివారికి కువైట్‌లో 20వ నంబరు వీసా ఉంటుంది. వారి అకామా (నివాస అనుమతి) కఫీలు, అంటే పనిలో పెట్టుకున్న యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది కనుక, ఆ ఇంటి పని కాక మరో సంపాదన ఉందని బయటపడితే దేశం నుంచి పంపివేసే ప్రమాదం ఉంది. 18వ నంబరు మీద కంపెనీలో పనిచేసే మహిళ, 22వ నంబరు మీద భర్త వెంట వెళ్లిన గృహిణి అదే గ్రూపులో అవే చీరలు అమ్ముతున్నా, వారి పరిస్థితి వేరు. అందుచేత సరుకును బట్టి కాక, వీసాను బట్టి వర్గీకరించండి.

వ్యక్తులను ఎంచుకోవడానికి ప్రభుత్వ లెక్కలపై మాత్రమే ఆధారపడకండి. ఇసిఆర్ పాస్‌పోర్టుతో (గల్ఫ్ వంటి దేశాల్లో పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి అవసరమైన పాస్‌పోర్టు), ఆ అనుమతి తీసుకుని వెళ్లినవారే ప్రధానంగా ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదులో కనిపిస్తారు. ముప్పై ఏళ్లలోపు మహిళలకు ఆ అనుమతి లభించదు. విజిట్ వీసాతో వెళ్లి అక్కడే పనిలో చేరినవారు ఆ లెక్కల్లోకి రారు. ఈ కారణంగానే వయసు, వెళ్లిన మార్గం గురించి తొలి సంభాషణలో అడగకపోవడం మంచిది. ఊళ్ల నుంచి మహిళలను పనికి పంపే సబ్ ఏజెంటు ద్వారా పరిచయం చేసుకోవద్దు, ఎందుకంటే అతనికి బాకీ ఉన్న మనిషి అతను పంపిన వారితో స్వేచ్ఛగా మాట్లాడలేదు. ఊళ్లో ఉన్న తల్లి, అక్కచెల్లెళ్ల ద్వారా వెళ్లడం ఆలస్యమైనా నమ్మకమైన దారి.

2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి రోజుకు గరిష్ఠంగా 12 గంటల పని, వారానికి ఒక సెలవు నిర్దేశించింది. అమలు మాత్రం ఇంటిని బట్టి మారుతుంది. కాబట్టి గంటసేపు ఇంటర్వ్యూ కావాలని పట్టుబట్టకుండా, ఒక్కొక్క ప్రశ్న పంపి, వీలు దొరికినప్పుడు వాయిస్ మెసేజ్‌లో జవాబు చెప్పమనండి. వంటింట్లో పని చేసుకుంటూ చెప్పిన జవాబుల్లో పనికీ వ్యాపారానికీ మధ్య సమయం ఎలా సర్దుకుంటున్నారో కూడా తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టవలసింది డబ్బు విషయంలో. “నెలకు ఎంత మిగులుతుంది?” అనే ప్రశ్నకు సాధారణంగా సరైన జవాబు రాదు, దాచడం వల్లనే కాదు, ఆ లెక్క ఒకచోట ఉండకపోవడం వల్ల కూడా. చీరలు ఊళ్లో చెల్లెలు కొనవచ్చు, సెలవుకు వచ్చి తిరిగి వెళ్లే స్నేహితురాలి లగేజీలో అవి కువైట్ చేరవచ్చు, కొన్నవారు జీతం వచ్చాక దినార్లలో ఇవ్వవచ్చు, లేదా వారి ఇంటివారు ఇండియాలోనే అమ్మిన మహిళ తమ్ముడి ఫోన్‌పేకి రూపాయల్లో పంపవచ్చు. అందువల్ల ఒక్క చీరను ఎంచుకుని, కొన్నప్పటి నుంచి అరువు వసూలయ్యే వరకు ప్రతి దశలో డబ్బు ఎవరి చేతిలో ఉందో అడగండి. ఖాతా తమ్ముడి పేరున ఉంటే, ఖర్చు నిర్ణయం ఎవరిదో కూడా విచారించండి. వ్యాపారం ఆమెకు ఎంత స్వాతంత్ర్యం ఇచ్చిందో అక్కడ తేలుతుంది. ఊళ్లో ఉన్నవారినీ విడిగా ఇంటర్వ్యూ చేయాలి.

యూట్యూబ్ విషయంలో జాగ్రత్త అవసరం: ప్రకటనల ఆదాయానికి సాధారణంగా 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. చానల్ ఉన్న ప్రతి ఒక్కరినీ వ్యాపారులుగా లెక్కించకూడదు.

రాతలో పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. వీడియోలోని మాటలను యథాతథంగా ఉటంకిస్తే వెతికి పట్టుకోవచ్చు. ఊరి పేరు, సరుకు, కుటుంబ వివరాలు కలిస్తే ఆ ఊరివారు ఇట్టే గుర్తుపడతారు. స్క్రీన్‌షాట్లు అచ్చు వేయవద్దు, ఫోన్ నంబర్లను ఇంటర్వ్యూల నుంచి వేరుగా దాచండి. సంతకానికి భయపడేవారి సమ్మతిని నోటిమాటగా నమోదు చేయండి. ప్రచురణకు ముందు ఆమెకు సంబంధించిన భాగాన్ని తెలుగులో చదివి వినిపించి, వద్దన్న వాక్యాలను తీసివేయండి.