సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యేలోపు మీ సైట్‌లో వెతికి తీసేయాల్సిన మాటలు

అరిసెలు, సున్నుండలు, పొడులు, పచ్చళ్లు, చిరుధాన్యాలు ఇంట్లోనో చిన్న యూనిట్‌లోనో చేసి అమ్ముకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ధనుర్మాసం దగ్గర పడేసరికి సైట్‌కి జనం రావాలని నవంబర్, డిసెంబర్‌లలో హడావుడిగా పది వ్యాసాలు రాయించి పెట్టేస్తారు. ప్రమాదమంతా ఆ హడావుడిలోనే ఉంటుంది. వారానికి ఎన్ని రాయాలి, గూగుల్‌లో పైకి ఎలా రావాలి అన్నవి ఎవరినడిగినా చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను.

ఈ మధ్య జరిగిన సంగతి చెబుతాను. చిరుధాన్యాలు అమ్మే ఒకావిడ సైట్‌లో కొర్రలు షుగర్‌కు శాశ్వత పరిష్కారం అంటూ ఒక వ్యాసం ఉంది. అది ఆవిడ రాసింది కూడా కాదు, వ్యాసానికి ఇంత అని తీసుకునేవాళ్లు రాసిచ్చారు, ఆవిడ పూర్తిగా చదవకుండానే పెట్టేసింది. అది చదివి ఒక పెద్దాయన కొర్రలు తెప్పించుకుని షుగర్ మాత్రలు ఆపేశారు. ఆయన ఆస్పత్రిలో చేరాక కొడుకు ఆ వ్యాసం స్క్రీన్‌షాట్ తీసి ముందు ఆవిడకు పంపాడు, తర్వాత తనకు తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టాడు. పెద్దాయన బయటపడ్డారు, దేవుడి దయ. ఆవిడకు మాత్రం ఆ పండక్కి వచ్చిన ఆర్డర్లు సగానికి పైగా రద్దయ్యాయి, ఫోన్ మోగితే తీయడానికే భయపడే పరిస్థితి వచ్చింది. సరుకులో ఏ లోపమూ లేదు. రాసిన మాట వల్ల జరిగింది ఇదంతా.

అందుకే అన్నిటికంటే ముందు ఇది: తిండిని మందు అని రాయొద్దు. ఫలానా జబ్బు తగ్గుతుందని, రాకుండా ఆపుతుందని, నయమవుతుందని ఎక్కడా రాయొద్దు.

"ఇది వ్యాసమే కదా, ప్రకటన కాదు కదా"

ఈ మాట అందరి దగ్గరా వింటాను. ప్యాకెట్ మీద రాయలేదు కదా, సైట్‌లో సమాచారం ఇచ్చాం అంతే కదా అంటారు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో ప్రకటన అంటే ఏమిటో రాసిన చోట ఒకసారి చూడండి. వెలుగు, శబ్దం, పొగ, గ్యాస్, అచ్చు, ఎలక్ట్రానిక్ మీడియా, ఇంటర్నెట్, వెబ్‌సైట్, వీటిలో దేని ద్వారా చేసిన ప్రచారమైనా ప్రకటనే. లేబుల్, రేపర్, చివరికి బిల్లు మీద రాసిన మాట కూడా ప్రకటనే. మీ సరుకు అమ్మే సైట్‌లో మీ సరుకు గురించి రాసిన వ్యాసం దీని నుంచి తప్పించుకోలేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు అదే చట్టంలోని 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కూడా మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా వేయొచ్చు. చిన్నవాళ్లం, మనల్ని ఎవరు చూస్తారు అనుకోకండి. అధికారి చూడకపోయినా పక్క వ్యాపారి చూస్తాడు, ఫిర్యాదు పెట్టడానికి పెద్ద కష్టం ఏమీ లేదు.

ఇంకొందరు ఏం చేస్తారంటే, వ్యాసం నిండా షుగర్, బీపీ, థైరాయిడ్ అని రాసేసి చివర్లో చిన్న అక్షరాలతో "ఇది వైద్య సలహా కాదు" అని పెడతారు. అది మిమ్మల్ని కాపాడదు. ఓఆర్‌ఎస్ విషయంలో ఏం జరిగిందో అందరం చూశాం. పండ్ల రుచులతో అమ్మే తియ్యటి డ్రింకులు పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఇది కాదని ఒక మూల రాస్తే కొన్నాళ్లు నడిచింది. విరేచనాలతో నీరసించిన పిల్లలకు తల్లులు అదే ఓఆర్‌ఎస్ అనుకుని పట్టేవాళ్లు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్ 14న దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ వెసులుబాటును ఎత్తేసింది, అసలు ఫార్ములా కాకపోతే పేరులో ఆ మాటే ఉండకూడదంది. పైన పెద్దగా రాసిన మాటను కింద చిన్నగా రాసిన మాట రద్దు చేయదు. చదివేవాళ్లు పైనున్నదే చదువుతారు.

ఆ మాట ఎలా దూరుతుంది

నేరుగా "నయం చేస్తుంది" అని రాసేవాళ్లు ఇప్పుడు తగ్గారు. మిగతా దారుల్లోనే వస్తోంది. "కంట్రోల్‌లో ఉంచుతుంది" అని రాస్తారు, అదీ అదే మాట. "మన పెద్దలు చెప్పేవారు" అని ముందు తగిలిస్తారు, పెద్దల పేరు చెప్పినా రాసింది మీరే. "కొర్రలు తింటే షుగర్ తగ్గుతుందా?" అని హెడ్డింగ్ ప్రశ్నగా పెట్టి లోపల అవుననే జవాబు ఇస్తారు. కస్టమర్ పంపిన మెసేజ్ పెడతారు, "మీ పొడి వాడాక మా అత్తగారి మోకాళ్ల నొప్పులు పోయాయి" అని. ఆవిడ నిజంగానే పంపి ఉండొచ్చు, మీరు దాన్ని మీ సైట్‌లో పెట్టిన క్షణం నుంచి అది మీరు చెప్పిన మాట. ఫొటో కింద రాసే క్యాప్షన్, వీడియో కింద వివరణ, ట్యాగులు, వాట్సాప్ క్యాటలాగ్, అన్నీ వెతకండి. డాక్టర్లు సిఫారసు చేసినది అని అసలే రాయొద్దు, ఆహార పదార్థాల మీద అలా చెప్పుకోవడం 2018 నాటి ప్రకటనల నిబంధనలకు విరుద్ధం.

మరి ఏం రాయాలి అని అడుగుతారు. చెప్పడానికి మీ దగ్గర బోలెడంత ఉంది, మీరే దాన్ని చిన్నచూపు చూస్తున్నారు. అరిసెలకు బియ్యం ఎంతసేపు నానబెడతారు, తడిపిండి ఎందుకు కావాలి, పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టిందో లేదో ఎలా చూస్తారు, పాకం ముదిరితే అరిసె ఎందుకు గట్టిపడుతుంది, నెయ్యి ఎక్కడిది, ఎన్నాళ్లు నిలవుంటుంది, డబ్బా మూత తీశాక ఎలా దాచుకోవాలి. అమెరికాలో ఉన్న కూతురికి పంపే తల్లి వెతికేది ఇదే. పోషకాల అంకెలు రాయాలంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు ఉన్నాయి. రాగుల్లో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం అని అందులో ఉంటుంది. కానీ అది రాగుల అంకె, మీ రాగి లడ్డు అంకె కాదు. లడ్డులో సగం బెల్లం, నెయ్యే కదా. లడ్డు గురించి అంకె రాయాలంటే లడ్డునే ల్యాబ్‌కి పంపించండి, లేదా రాగుల గురించి అని స్పష్టంగా రాయండి. రాగుల్లో కాల్షియం ఉందని చెప్పొచ్చు. మీ లడ్డు తింటే ఎముకల జబ్బు తగ్గుతుందని చెప్పకూడదు. తేడా అక్కడుంది.

షుగర్ ఫ్రీ, గ్లూటెన్ ఫ్రీ, ఆర్గానిక్

బెల్లం సున్నుండలకు షుగర్ ఫ్రీ అని రాసేవాళ్లను చూస్తే గుండె గుభేలుమంటుంది. నిబంధన ప్రకారం 100 గ్రాముల్లో చక్కెరలు 0.5 గ్రాము మించకూడదు. బెల్లం చాలా వరకు చక్కెరే. ఖర్జూరం, తేనె కూడా అంతే. "పంచదార వేయలేదు, బెల్లం వేశాం" అని రాయండి, అది నిజం, అది చాలు. షుగర్ జబ్బు ఉన్నవాళ్లు షుగర్ ఫ్రీ అన్న ఆ రెండు మాటలు చూసి రోజుకు మూడు తినేస్తారు, అది గుర్తుపెట్టుకోండి.

గ్లూటెన్ ఫ్రీ అంటే, గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. గోధుమలు ఆడించిన మరలోనే రాగులు, జొన్నలు ఆడించి ఆ మాట రాయొద్దు. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్న పిల్లలకు ఆ కాస్త పిండి కూడా చేటే. ఆర్గానిక్ అని రాయాలంటే ప్రభుత్వ సేంద్రియ గుర్తింపు పథకాలైన ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్ ధ్రువపత్రం చేతిలో పెట్టుకుని రాయండి, రైతు మనకు తెలిసినవాడే అన్నది ధ్రువపత్రం కాదు.

ఇక్కడి నుంచి వరసగా చెప్పుకుపోతాను, ఒక్కొక్కటీ మీ సైట్‌తో పోల్చి చూసుకోండి.

పసిపిల్లల ఉగ్గు పొడి అమ్ముతుంటే ఈ రోజే ఆగి చూడండి. తల్లిపాలకు తోడుగా రెండేళ్ల లోపు పిల్లలకు పెట్టే ఆహారాన్ని ప్రకటించడమే 1992 నాటి శిశు ఆహార చట్టం నిషేధించింది. "ఆరో నెల నుంచి పెట్టండి, బొద్దుగా అవుతారు" అనే వ్యాసం, చంటిబిడ్డ ఫొటో, రెండూ తీసేయండి.

తేనె గురించి రాస్తే ఏడాది లోపు పిల్లలకు పెట్టకూడదని అదే పేజీలో రాయండి. తేనె వల్ల పసిపిల్లలకు వచ్చే బొటులిజం అనే జబ్బు ప్రాణాల మీదకు తెస్తుంది.

పచ్చళ్లు బీపీ ఉన్నవాళ్లూ తినొచ్చు అని రాయొద్దు. సైంధవ లవణం వాడినా రాయొద్దు, అదీ ఉప్పే.

అమెరికాకు పంపేవాళ్లు రెండింతలు జాగ్రత్తగా ఉండండి. అక్కడ ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ మీ సైట్‌లో రాసిన మాటలు కూడా చూస్తుంది. జబ్బు తగ్గిస్తుందని రాస్తే మీ పొడిని అనుమతి లేని మందుగా లెక్కేస్తుంది, హెచ్చరిక లేఖను అందరికీ కనిపించేలా తన సైట్‌లో పెడుతుంది. మీ కంపెనీ పేరు గూగుల్‌లో కొడితే ఆ లేఖే వస్తుంది.

నువ్వులు 2023 జనవరి 1 నుంచి అమెరికాలో తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థం. అరిసెలు, నువ్వుండలు, నువ్వుల పొడి, అన్నిటికీ రాయండి. వేరుశెనగ, జీడిపప్పు, పాలు, గోధుమ సంగతి ఇక్కడివాళ్లకైనా రాయాలి.

ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు, తిరుపతి లడ్డు, ఈ పేర్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. మీరు వేరే ఊళ్లో చేసి ఆ ఊరి పేరు పెట్టొద్దు.

గూగుల్‌లో దొరికిన ఫొటో వాడొద్దు. హీరో, హీరోయిన్ ఫొటో అసలే వద్దు. మీ వంటింట్లో ఫోన్‌తో తీసిన ఫొటోనే పెట్టండి, కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు.

కస్టమర్ మెసేజ్ స్క్రీన్‌షాట్‌లో పేరు, నంబరు, అడ్రసు కనపడకూడదు. వాళ్లను అడక్కుండా పెట్టకూడదు.

రివ్యూలు మీరే రాసుకోవద్దు. చుట్టాలతో రాయించొద్దు.

రాయించుకునే ప్రతి వ్యాసం, మనిషి రాసినా ఏఐ రాసినా, పెట్టే ముందు మీరు గట్టిగా బయటికి చదవండి. జబ్బు పేరు వినపడితే ఆ వాక్యం కొట్టేయండి. రాసిచ్చినవాళ్ల పేరు మీద నోటీసు రాదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ మీ పేరు మీద ఉంది, మీ పేరు మీదే వస్తుంది.

ఆ లైసెన్స్ 14 అంకెల నంబరు సైట్‌లో కనిపించేలా పెట్టండి. లైసెన్స్ అమల్లో ఉందో లేదో చూసుకోండి.

సైట్ పేరు ఎవరి మెయిల్‌తో కొన్నారో ఈ రాత్రికే చూడండి. చేసిచ్చిన కుర్రాడి మెయిల్‌తో ఉంటే మీ పేరుకు మార్పించుకోండి. పండగ వారంలో రెన్యువల్ తప్పి సైట్ మూతపడితే అతను ఫోన్ ఎత్తడు.

పాత వ్యాసాలు మర్చిపోకండి. మూడేళ్ల కింద పెట్టింది ఇవాళ కూడా చదువుతున్నారు. సైట్ సెర్చ్‌లో షుగర్, బీపీ, థైరాయిడ్, క్యాన్సర్, గుండె, మోకాళ్లు, ఇమ్యూనిటీ, బరువు, సంతానం, ఈ మాటలు ఒక్కొక్కటే కొట్టండి. దొరికిన ప్రతి వాక్యం తీసేయండి. ఫేస్‌బుక్‌లో షేర్ చేసినవి కూడా.

ఎవరో వాదిస్తారు, కొర్రల మీద పరిశోధనలు ఉన్నాయి కదా అని. ఉన్నాయి. పరిశోధన వేరు, మీ రెండు కిలోల ప్యాకెట్ వేరు. రాయొద్దు.

పక్కవాళ్లు రాస్తున్నారు కదా అంటారు. రాయనివ్వండి. మీరు రాయొద్దు.

మెసేజ్‌లో ఎవరైనా మా నాన్నగారికి షుగర్, ఇది పెట్టొచ్చా అండీ అని అడిగితే జవాబు ఇలా ఉండాలి: "ఇందులో ఇవి వేశామండీ, బెల్లం ఇంత ఉందండీ, తినొచ్చో లేదో డాక్టర్ గారినే అడగండి, వాడే మందులు మాత్రం ఆపొద్దండీ." ఇది కాగితం మీద రాసి ఆర్డర్లు చూసే అమ్మాయి ఎదురుగా అంటించండి. పండగ రద్దీలో ఆ అమ్మాయి ఆర్డర్ పోతుందేమో అని "ఫర్వాలేదండీ, పెట్టండి" అనేస్తుంది. ఆర్డర్ పోయినా ఏమీ అనమని తనకు ముందే చెప్పి ఉంచండి.